టవర్ లేని గట్టు మీద నుంచి కాన్ఫరెన్స్ దాకా: టాక్ ప్రపోజల్ ఎట్టా రాయాలి?

ఈ ఎపిసోడ్ మైపాడు పక్కన, మా మామ రొయ్యల గుంటల గట్టు మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. వెనకాల గుర్రుమని వినిపిస్తున్నది సముద్రం కాదు, ఏరేటర్లు. కాసేపు ఆపమంటే మా మామ ఒప్పుకోడు. ఆయన ఒప్పుకున్నా రొయ్య ఒప్పుకోదు. కాబట్టి ఆ సౌండ్‌తోనే సర్దుకుందాం.

ఈరోజు టాపిక్: వెబ్ ప్రోగ్రామింగ్ కాన్ఫరెన్స్‌కి టాక్ ప్రపోజల్ పంపడం. "అవన్నీ బెంగళూరు వాళ్ళకి, పెద్ద కంపెనీల్లో చేసేవాళ్ళకి అన్నా, మనకెందుకు" అని మీలో చాలామంది అనుకుంటారని నాకు తెలుసు. నేను కూడా రెండేళ్ళ క్రితం దాకా అట్టానే అనుకున్నా. అందుకని ముందు ఒక మాట చెప్పేస్తా. నేనేమీ పెద్ద స్పీకర్‌ని కాదు. ఇప్పటిదాకా రెండుసార్లు పంపించా. ఒకటి రిజెక్ట్ అయింది, ఒకటి వెయిటింగ్ లిస్టులో ఆగిపోయింది. మూడోది పోయిన వారం పంపా, ఇంకా జవాబు రాలేదు. అయినా ఎందుకు చెప్తున్నానంటే, మొదటిదానికీ మూడోదానికీ మధ్య నేను నేర్చుకున్నది మీకు పనికొస్తుంది.

ఎవరూ పిలవరు, మనమే అడగాలి

స్టేజి మీద మాట్లాడేవాళ్ళందరినీ ఎవరో పిలిచి కూర్చోబెట్టారని అనుకుంటాం. కీనోట్ ఇచ్చే ఒకరిద్దరిని పిలుస్తారు, నిజమే. మిగతావాళ్ళలో చాలామంది అప్లై చేసుకుని వచ్చినవాళ్ళే. కాన్ఫరెన్స్‌కి కొన్ని నెలల ముందు "టాకులు పంపండి" అని ఒక ప్రకటన వస్తుంది. దాన్ని కాల్ ఫర్ ప్రపోజల్స్ అంటారు, పొట్టిగా సీఎఫ్‌పీ. ఒక ఫారం ఉంటుంది, ఒక గడువు ఉంటుంది. ఎవరైనా నింపొచ్చు. డిగ్రీ అడగరు, కంపెనీ పేరు తప్పనిసరి అనరు.

మన దేశంలో ఇట్టాంటివి చాలానే ఉన్నాయి. జావాస్క్రిప్ట్ కోసం జేఎస్‌ఫూ 2011లో బెంగళూరులో మొదలైంది. రియాక్ట్ ఇండియా 2019లో గోవాలో మొదలైంది. పైకాన్ ఇండియా 2009 నుంచీ ఉంది, 2018లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. జాంగో, ఫ్లాస్క్ లాంటి వెబ్ పనుల మీద కూడా అక్కడ మాట్లాడతారు. హైదరాబాద్ పైథాన్ గ్రూపు వాళ్ళు 2017 నుంచి పైకాన్ఫ్ హైదరాబాద్ అని వేరేగా పెడుతున్నారు. ఓపెన్ సోర్స్ మీద పని చేసేవాళ్ళకి ఇండియాఫాస్ ఉంది. అంటే మనకి దగ్గర్లో తలుపులు లేవనుకోవడానికి లేదు. తట్టేవాళ్ళే తక్కువ.

ఫారంలో దాదాపు అన్నిచోట్లా ఇవే అడుగుతారు: టాక్ పేరు, సారాంశం, నిమిషాల వారీగా ఏం చెప్తారో వివరం, ఎవరికోసం (కొత్తవాళ్ళా, అనుభవం ఉన్నవాళ్ళా), ఎంతసేపు, మీ గురించి నాలుగు లైన్లు. కొన్నిచోట్ల మీరు మాట్లాడిన వీడియో ఉంటే లింక్ అడుగుతారు. అంతే. చూడటానికి కాలేజీ సెమినార్ ఫారంలాగా ఉంటుంది. నేను బోర్లా పడింది అక్కడే.

నా మొదటి ప్రపోజల్, ఎందుకు పోయిందో

మొదటిసారి నేను పెట్టిన పేరు: "ప్రోగ్రెసివ్ వెబ్ యాప్స్: పూర్తి పరిచయం". దాని కింద సారాంశం ఇట్టా రాశా: ఈ టాక్‌లో పీడబ్ల్యూఏ అంటే ఏంది, దాని లాభాలేంది, సర్వీస్ వర్కర్ ఎట్టా పనిచేస్తుంది, మేనిఫెస్ట్ ఫైల్ అంటే ఏంది, భవిష్యత్తు ఎట్టా ఉంటుంది, అన్నీ చూద్దాం.

ఇరవై నిమిషాల టాక్‌లో ఇన్ని. ఇంకో తమాషా ఏందంటే, ఆ ఫారం నేరుగా బ్రౌజర్‌లో నింపుతున్నా. సబ్‌మిట్ కొట్టే టైంకి టవర్ పోయింది. పేజీ తెల్లగా అయిపోయి రాసిందంతా పోయింది. మళ్ళీ మొదటి నుంచి, విసుగ్గా, సగం సగం రాసి పంపా. ఆఫ్‌లైన్ గురించి టాక్ ఇస్తానని రాస్తున్నవాడికి ఆఫ్‌లైన్ దెబ్బ. అది నవ్వుకునే విషయమని కూడా అప్పుడు నాకు తట్టలేదు.

కొన్ని వారాల తర్వాత మెయిల్ వచ్చింది. మర్యాదగానే ఉంది. చాలా ప్రపోజల్స్ వచ్చాయి, మీది తీసుకోలేకపోతున్నాం, మళ్ళీ పంపండి అని. నేను రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగా. మా మామ అడిగాడు, "ఏందిరా అబ్బయా, జొరమా?" అని. విషయం చెప్పా. ఆయన ఒకటే ప్రశ్న వేశాడు: "నువ్వు చెప్పేది పుస్తకాల్లో లేదా?"

ఉంది. పుస్తకాల్లో ఉంది, యూట్యూబ్‌లో వంద వీడియోలు ఉన్నాయి. గూగుల్ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో నాకంటే చక్కగా ఉంది. మరి నన్నెందుకు స్టేజి ఎక్కించాలి? ఆ ప్రశ్నకి నా ప్రపోజల్‌లో జవాబు లేదు. రిజెక్ట్ చేసినవాళ్ళ తప్పేం లేదు.

గట్టు మీద జరిగింది

ఇప్పుడు అసలు కథ చెప్పాలి. ప్రపోజల్‌కీ దీనికీ సంబంధం ఏందని అనుకోకండి, వస్తున్నా.

మా మామకి ఇక్కడ నాలుగు గుంటలు. వనామి రొయ్య. రొయ్యల సాగు తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్‌ని డీఓ అంటారు. రాత్రంతా నీళ్ళలో ఉండే నాచు, రొయ్య, అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి తెల్లారుజామున అది బాగా పడిపోతుంది. లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల పైన ఉండేట్టు చూసుకుంటాం. తగ్గిందంటే ఏరేటర్లన్నీ తిప్పాలి. అందుకే రాత్రి డ్యూటీ అబ్బాయి మీటర్ ముంచి రీడింగ్ రాసుకుంటూ ఉంటాడు. మేత ఎంత వేశాం, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఇవన్నీ కూడా రాయాలి.

ముందు ఇదంతా నోటుబుక్కులో ఉండేది. బుక్కు తడుస్తుంది, అక్షరాలు చెదిరిపోతాయి, మామ నెల్లూరులో ఉన్నప్పుడు ఫోన్ చేసి చదివించుకోవాలి. నేను ఉత్సాహంగా ఒక వెబ్ పేజీ చేసిచ్చా. డ్యూటీ అబ్బాయి ఫోన్‌లో రీడింగ్ కొడతాడు, మామ ఇంట్లో కూర్చుని చూస్తాడు. ఆఫ్‌లైన్‌లో కూడా పనిచేసేట్టు రాశా. నా లాజిక్ సింపుల్: నెట్ ఉంటే సర్వర్‌కి పంపు, లేకపోతే ఫోన్‌లో దాచు. నెట్ ఉందో లేదో తెలుసుకోవడానికి బ్రౌజర్‌లో నావిగేటర్ డాట్ ఆన్‌లైన్ అని ఒకటుంది, అదే వాడా.

ఒకరోజు తెల్లారుజామున నాలుగు గంటలకి మూడో గుంటలో డీఓ 3.2 వచ్చింది. అబ్బాయి ఎంటర్ చేసి సేవ్ నొక్కాడు. గుండ్రంగా తిరుగుతా ఉంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చెయ్యాల్సింది చేశా అనుకున్నాడు. మామ పొద్దున చూస్తే అర్ధరాత్రి కొట్టిన 4.8 కనిపిస్తా ఉంది. బాగుందిలే అనుకుని, కరెంటు బిల్లు తలుచుకుని, రెండు ఏరేటర్లు చాల్లే అన్నాడు. మర్నాడు కూడా అంతే జరిగింది. మూడో రోజు గట్టు వెంబడి రొయ్య తేలింది. ఉన్నది ఉన్నట్టు పట్టేయాల్సి వచ్చింది. ఇంకా పెరగాల్సిన రొయ్య, చిన్న కౌంట్ రేటుకి పోయింది.

మా మామ నన్ను ఒక్క మాట అనలేదు. షెడ్డులో ఉన్న పాత నోటుబుక్కు తీసి, దారంతో పెన్ను కట్టి, మేకుకి తగిలించాడు. తిట్టుంటే బాగుండేది.

ఏం జరిగిందో నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ఇక్కడ టవర్ పూర్తిగా పోదు. ఒక గీత ఉంటుంది. ఫోన్ టవర్‌ని పట్టుకునే ఉంటుంది కాబట్టి బ్రౌజర్ "ఆన్‌లైన్" అనే చెప్తుంది. నెట్‌వర్క్‌కి కలిసి ఉన్నానని మాత్రమే దాని అర్థం, ఇంటర్నెట్ పనిచేస్తుందని కాదు. నా కోడ్ దాన్ని నమ్మి సర్వర్‌కి పంపబోయింది, మధ్యలో ఆగిపోయింది, ఫోన్‌లో దాచనూ లేదు. రీడింగ్ గాల్లో కలిసిపోయింది.

రెండో ప్రపోజల్‌లో ఏం మారింది

దాన్ని సరిచేసే పనిలో మూడు సంగతులు నేర్చుకున్నా. ఒకటి, ముందు ఫోన్‌లో దాచాలి, ఆ తర్వాతే పంపాలి. నెట్ ఉన్నా సరే, లేకపోయినా సరే. బ్రౌజర్‌లో ఇండెక్స్‌డ్‌డీబీ అనే చిన్న డేటాబేస్ ఉంటుంది, దానికోసమే. రెండు, ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక ప్రత్యేక నంబర్ ఇవ్వాలి. ఎందుకంటే ఒక్కోసారి మనం పంపింది సర్వర్‌కి చేరుతుంది, "చేరింది" అనే జవాబు మాత్రం మనకి రాదు. ఫోన్ మళ్ళీ పంపుతుంది. అప్పుడు మేత రెండుసార్లు వేసినట్టు లెక్క పడుతుంది. నంబర్ ఉంటే సర్వర్ "ఇది ఇందాకే వచ్చింది" అని పక్కన పెట్టేస్తుంది. మూడు, ఇంకా పోని రీడింగులు ఎన్ని ఉన్నాయో డ్యూటీ అబ్బాయి ఫోన్‌లో కనపడాలి, చివరి రీడింగ్ ఎప్పటిదో మామ ఫోన్‌లో పెద్ద అక్షరాల్లో కనపడాలి. పాత అంకె కొత్తదానిలా కనిపించడమే మా కొంప ముంచింది.

మళ్ళీ సీఎఫ్‌పీ తెరిచినప్పుడు ఇదే రాశా. అది ఇంగ్లీషులో రాశా, మీకు తెలుగులో చెప్తా.

పేరు: "సిగ్నల్ ఉందని ఫోన్ అబద్ధం చెప్పినప్పుడు: రొయ్యల గుంట దగ్గర నేర్చుకున్న మూడు పాఠాలు".

సారాంశం: "నా వెబ్ యాప్ ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుందని అనుకున్నాను. ఒక తెల్లవారుజామున అది ఒక రీడింగ్‌ని పోగొట్టింది, మా కుటుంబానికి ఒక పంట దెబ్బతింది. బలహీనమైన నెట్‌వర్క్, అసలు లేని నెట్‌వర్క్ కంటే ఎందుకు ప్రమాదమో ఈ టాక్‌లో చూపిస్తాను. విన్నవాళ్ళు తమ ఫారంలలో మర్నాడే మార్చుకోగల మూడు మార్పులు తీసుకెళ్తారు."

దాని కింద నిమిషాల లెక్క: మొదటి మూడు నిమిషాలు జరిగిన సంగతి. తర్వాత నాలుగు నిమిషాలు బ్రౌజర్ ఆన్‌లైన్ అని ఎందుకు చెప్పింది. అయిదు నిమిషాలు ముందు దాచి తర్వాత పంపే కోడ్, డెమోతో సహా. మూడు నిమిషాలు డబుల్ ఎంట్రీ ఆపడం. మూడు నిమిషాలు స్క్రీన్ మీద ఏం చూపించాలి. చివరి రెండు నిమిషాలు, నాకు ఇంకా తేలనివి. ఉదాహరణకి, నెట్ వచ్చినప్పుడు వెనకాలే పంపేసే బ్యాక్‌గ్రౌండ్ సింక్ క్రోమ్‌లో ఉంది, సఫారీలో, ఫైర్‌ఫాక్స్‌లో లేదు. ఐఫోన్ వాళ్ళు పేజీ తెరిస్తేనే పోతుంది. దీనికి నా దగ్గర మంచి మందు లేదు, అదే రాశా.

తేడా చూడండి. మొదటి ప్రపోజల్‌లో ఒక సబ్జెక్ట్ ఉంది. రెండోదాంట్లో ఒక సమస్య ఉంది, అది ఎవరిని దెబ్బ తీసిందో ఉంది, వినేవాళ్ళు ఇంటికి ఏం పట్టుకెళ్తారో ఉంది. నాకు ఎంత తెలుసో చూపించుకునే కాగితం కాదది. మీ ఇరవై నిమిషాలు తీసుకుని బదులుగా ఇది ఇస్తానని చేసే ఒప్పందం. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి.

చదివేవాళ్ళ వైపు నుంచి చూడండి

సెలెక్షన్ కమిటీలో ఉండేవాళ్ళు చాలాచోట్ల వాలంటీర్లు. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి అన్నం తిన్నాక కూర్చుని మన ప్రపోజల్స్ చదువుతారు. ఒకటి తర్వాత ఒకటి. మనదానికి దొరికేది కొద్ది నిమిషాలే. మొదటి రెండు లైన్లలో విషయం చెప్పకుండా "నేటి డిజిటల్ యుగంలో" అని మొదలుపెడితే, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు.

ఇంకో సంగతి. కొన్ని కాన్ఫరెన్సులు మొదటి రౌండ్‌లో పేర్లు తీసేసి చదువుతాయి. 2012లో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ ఈయూ వాళ్ళు అట్టా చేశారు. అంతకుముందు అప్లై చెయ్యడానికి వెనకాడే ఆడవాళ్ళని కూడా వెతికి మరీ పంపమని అడిగారు. ఆ ఏడాది స్పీకర్లలో నాలుగో వంతు ఆడవాళ్ళు. కాబట్టి చెల్లెళ్ళూ, అక్కలూ, "మనల్ని ఎవరు తీసుకుంటారులే" అని మీకు మీరే రిజెక్ట్ చేసుకోకండి. ఆ పని కమిటీకి వదిలేయండి. పేర్లు తీసి చదివే చోట మీ ఊరు, కాలేజీ, కంపెనీ సారాంశంలో రాయకూడదు. రూల్స్ పేజీ ఒకసారి చదువుకోండి.

గడువు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. కొన్నిచోట్ల గడువు పక్కన "ఎనీవేర్ ఆన్ ఎర్త్" అని ఉంటుంది. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా నడుస్తున్నంతసేపు తీసుకుంటారని దాని అర్థం. మన టైంతో చూస్తే, జూన్ 30 అని ఉంటే జులై 1 సాయంత్రం అయిదున్నర దాకా అన్నమాట. అట్టాగని ఆఖరి గంట దాకా ఆగకండి. నాలాగా టవర్ పోతే ఎవరినీ అనలేం. ముందు ఫోన్‌లో నోట్స్ యాప్‌లో రాసుకుని, తర్వాత ఫారంలో అతికించండి.

నాలుగు భయాలు

మొదటిది ఇంగ్లీషు. నా ఇంగ్లీషు నెల్లూరు ఇంగ్లీషే. ప్రపోజల్ ముందు తెలుగులో రాసుకున్నా. మా మామకి చదివి వినిపించా. ఆయనకి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ నాకే సరిగ్గా తెలియదని తేలింది. అది సరయ్యాక చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులోకి మార్చా. వ్యాకరణం ఒక ఫ్రెండ్ చేత చూపించుకున్నా. పెద్ద మాటలు అక్కర్లేదు. స్పష్టంగా ఉంటే చాలు.

రెండోది, ఏఐ చేత రాయిస్తే సరిపోదా అని. స్పెల్లింగ్ చూడమనండి, తప్పు లేదు. మొత్తం రాయమంటే మాత్రం అది నా మొదటి ప్రపోజల్ లాంటిదే రాసిస్తుంది. మూడో గుంటలో 3.2 వచ్చిందని దానికి తెలియదు కదా.

మూడోది, "నాకంటే బాగా తెలిసినవాళ్ళు అక్కడ కూర్చుని ఉంటారు" అని. ఉంటారు. వాళ్ళకి సర్వీస్ వర్కర్ గురించి నాకంటే ఎక్కువే తెలుసు. కానీ ఒక గీత సిగ్నల్‌లో, తడి చేత్తో, తెల్లారుజామున ఫారం నింపే మనిషిని వాళ్ళు చూసి ఉండరు. నేను రోజూ చూస్తా.

నాలుగోది డబ్బు. ఎంపికైన స్పీకర్లకి చాలాచోట్ల టికెట్ ఫ్రీ. ప్రయాణం ఖర్చు కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు. ఫారంలో "ప్రయాణ సాయం కావాలా" అని ఉంటే మొహమాటపడకుండా టిక్ పెట్టండి. అడిగినందుకు మార్కులు తగ్గించరు. ఆ ప్రశ్నే లేకపోతే ముందే మెయిల్ రాసి కనుక్కోండి, తర్వాత అప్పు చేసి వెళ్ళే పని పెట్టుకోకండి.

రాకపోతే ఏంది?

ఇప్పుడు ఒక పాత కథ చెప్తా. మనం రోజూ వాడే ఈ వెబ్ ఉంది కదా, దాన్ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో తను పనిచేసే సెర్న్ ల్యాబ్‌లో ఒక ప్రపోజల్ ఇచ్చాడు. ఆయన బాస్ దాని పైన "అస్పష్టంగా ఉంది కానీ ఆసక్తిగా ఉంది" అన్న అర్థంలో మూడు ముక్కలు రాసి పెట్టాడు. సరే, వెబ్ తయారైంది. 1991 డిసెంబర్‌లో అమెరికాలోని సాన్ ఆంటోనియోలో హైపర్‌టెక్స్ట్ మీద పెద్ద కాన్ఫరెన్స్. ఆయన, రాబర్ట్ కయ్యో కలిసి వెబ్ గురించి పేపర్ పంపారు. రిజెక్ట్! వెబ్‌నే రిజెక్ట్ చేశారు.

కావాలంటే ఒక బల్ల ఇస్తాం, డెమో పెట్టుకోండి అన్నారు. వాళ్ళు కంప్యూటర్ మోసుకుని వెళ్ళారు. వెళ్ళి చూస్తే హోటల్‌లో ఇంటర్నెట్ లేదు. ఫోన్ లైన్ లాగించుకుని, దగ్గర్లోని యూనివర్సిటీకి కలిపి చూపించారు. టవర్ కష్టాలు మనకే కాదు, వెబ్ పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, రిజెక్ట్ అయిన ప్రతిదీ గొప్పదని కాదు. నా మొదటిది నిజంగానే బాగోలేదు. స్టేజి దొరక్కపోయినా బల్ల దొరికితే దాన్ని వదులుకోవద్దని చెప్పడానికి.

నాకు కూడా అదే జరిగింది. రెండో ప్రపోజల్‌కి "వెయిటింగ్ లిస్టులో ఉంచాం" అని మెయిల్ వచ్చింది. ఎవరైనా రాకపోతే పిలుస్తాం అన్నారు. అందరూ వచ్చారు. అయినా టికెట్ కొనుక్కుని, నెల్లూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగా. చాలా కాన్ఫరెన్సుల్లో లైట్నింగ్ టాక్స్ అని ఉంటాయి. అయిదు నిమిషాలు, అప్పటికప్పుడు పేరు రాసుకోవడమే. ఎవరూ ఎంపిక చెయ్యరు. బోర్డు మీద నాలుగో పేరు నాది.

స్లయిడ్లు మూడే. మొదటిది మూడో గుంట ఫోటో. రెండోది కోడ్. మూడోది మేకుకి వేలాడుతున్న నోటుబుక్కు, దారం కట్టిన పెన్ను. చేతులు వణికాయి, అయిదు నిమిషాల్లో చెప్పాల్సింది నాలుగు నిమిషాల్లో గడగడా చదివేసి దిగిపోయా. టీ దగ్గర ఒకాయన వచ్చాడు. ఆస్పత్రిలో టోకెన్ల యాప్ చేస్తాడంట. "మాకు కూడా టోకెన్ రెండుసార్లు పడతా ఉంది, ఆ నంబర్ సంగతి మళ్ళీ ఒకసారి చెప్పు బ్రదర్" అన్నాడు. ఇద్దరం లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాం. తర్వాతి సెషన్ మిస్సయ్యాం. నాకైతే ఆ అరగంటతోనే రైలు టికెట్ గిట్టుబాటైంది.

మీ టాపిక్ మీ ఊళ్ళోనే ఉంది

"నా దగ్గర గుంటలు లేవు కదన్నా" అంటారేమో. సరే, ఒకటి చెప్తా. మీ పేరులో "శ్రీ" ఉందా? ఆ అక్షరాన్ని జావాస్క్రిప్ట్‌లో పెట్టి లెంగ్త్ ఎంతో చూడండి. మన కంటికి ఒకటి, దానికి నాలుగు. పేరుకి ఇరవై అక్షరాలే అని ఫారంలో లిమిట్ పెడితే తెలుగువాళ్ళ పేర్లు ఏమవుతాయి? అది ఒక టాక్. మీ అమ్మగారు పాత ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టేటప్పుడు ఏ పేజీ తెరుచుకోదో పక్కన కూర్చుని చూడండి. అదొక టాక్. జువ్వలదిన్నె హార్బర్‌లోనో, మీ ఊరి మార్కెట్ యార్డులోనో రేట్లు వాట్సాప్‌లో ఎందుకు తిరుగుతాయి, వెబ్‌సైట్‌లో ఎందుకు చూడరు? అక్కడా ఒకటి ఉంది. మీరు చేసింది, పాడైంది, మళ్ళీ సరిచేసింది ఏదైనా సరే.

ఈ రాత్రికి ఒక పని చెయ్యండి. నోట్స్ యాప్ తెరిచి మూడు వాక్యాలు రాయండి. ఏం పాడైంది? ఎందుకు పాడైంది? నాలాంటి ఇంకొకరు రేపు ఏం మార్చుకోవచ్చు? ఈ మూడూ రాయగలిగితే మీ ప్రపోజల్ సగం అయిపోయినట్టే. పేరు ఆఖరున పెట్టుకోండి. మీ ఇంట్లో కంప్యూటర్ తెలియనివాళ్ళకి ఒకసారి చదివి వినిపించండి. తర్వాత పంపేయండి.

నా మూడో ప్రపోజల్ కూడా ఇదే కథ మీద. ఈసారి డబుల్ ఎంట్రీ ఒక్కదాని మీదే రాశా. ఆస్పత్రి టోకెన్ల సంగతి కూడా ఆయన్ని అడిగే కలిపా. తీసుకుంటారో లేదో ఫలితం వచ్చాక చెప్తా, రిజెక్ట్ అయినా చెప్తా.

నోటుబుక్కు ఏమైందని అడుగుతారేమో. ఇదిగో, షెడ్డులో అదే మేకుకి ఉంది. ఇప్పుడు డ్యూటీ అబ్బాయి ఫోన్‌లోనూ కొడతాడు, బుక్కులోనూ రాస్తాడు. రెండూ సరిపోతున్నాయా లేదా అని మామ ప్రతి ఆదివారం చూస్తాడు. పోయిన నెల మొత్తం సరిపోయాయి. "ఇంకో పంట చూద్దాంలే" అన్నాడు, పెన్ను మాత్రం తియ్యలేదు.

సరే ఫ్రెండ్స్, మామ మేత వెయ్యడానికి పిలుస్తున్నాడు. మళ్ళీ కలుద్దాం.